పద్దెనిమిది పర్వాలకు బెదరొద్దు

లావుపాటి పుస్తకాల వరస ఎదురుగా పెడితే కొందరు చెయ్యే వెయ్యరు. కొందరు హుషారుగా మొదలుపెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థంకాక వందో పేజీ లోపే మూసేస్తారు. ఫాంటసీ నవలలు చదివే కాలేజీ పిల్లలకు ఈ అవస్థ కొత్తకాదు. స్టీవెన్ ఎరిక్సన్ రాసిన 'మలజన్' కథ 10 సంపుటాలు. 1999లో మొదలై 2011లో ముగిసింది. మొదటి పుస్తకమే చదివేవాణ్ని యుద్ధం మధ్యలో దింపేసి తన దారిన తాను పోతుంది. ఏ సైన్యం ఎవరిదో, ఏ దేవుడు ఎవరి పక్షమో విడమరిచి చెప్పేవాళ్లు ఉండరు. అక్కడే విసిగి వదిలేసినవాళ్లు ఉన్నారు, ఆ అడ్డు దాటి ఏళ్ల తరబడి దాని గురించే మాట్లాడుకునేవాళ్లూ ఉన్నారు.

నెల్లూరు తీరంలో ఉన్నవాళ్లకు ఇంతకన్నా పెద్ద కథ పక్కనే ఉంది. 13వ శతాబ్దంలో పెన్న ఒడ్డున, మనుమసిద్ధి రాజు దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, మహాభారతంలో విరాటపర్వం నుంచి స్వర్గారోహణపర్వం దాకా 15 పర్వాలు తెలుగులో చెప్పాడు. అసంఖ్యాకంగా పాత్రలు, శాపాలు, వరాలు, మారువేషాలు, దివ్యాస్త్రాలు, కథలోపల కథలు. ఈ ఊళ్లలో తిక్కన పేరు వినని ఇల్లు ఉండదు. ఆ 15 పర్వాలు తెరిచిన ఇళ్లు ఎన్ని అంటే మాత్రం అందరం పక్కచూపులు చూస్తాం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. పెద్ద కథ చదవడానికి గొప్ప జ్ఞాపకశక్తి అక్కర్లేదు. చదువుతూ చదువుతూ మనుషుల మీద ఒక అభిప్రాయానికి రావడం, కొత్త సంగతి తెలిసినప్పుడు దాన్ని దిద్దుకోవడం చేతనైతే చాలు. సగం సమాచారంతో మనుషుల్ని అంచనా వేయడమే ఇంట్లోనూ ఉద్యోగంలోనూ మనం పొద్దస్తమానం చేసే పని. దానికి పురాణమంత మంచి సాధన ఇంకెక్కడా దొరకదు.

1. మధ్యలో మొదలుపెట్టండి

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలన్న పట్టుదలే చాలామందిని ఆదిపర్వంలో ముంచేస్తుంది. వంశాలు, ఉపాఖ్యానాలు, సర్పయాగం ఇవన్నీ దాటేసరికి ఓపిక కాస్తా అయిపోతుంది.

తిక్కన ఏం చేశాడో చూడండి. అంతకుముందు రాజమహేంద్రవరంలో నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోలేదు. నేరుగా నాలుగో పర్వం ఎత్తుకున్నాడు. అంతకుముందు రాసిన నిర్వచనోత్తర రామాయణంలోనూ అంతే, ఉత్తరకాండ కథతోనే మొదలుపెట్టాడు. ఎందుకలా చేశాడని పండితులు రకరకాలుగా చెబుతారు. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, కథ మధ్యలో కూడా మంచి వాకిళ్లు ఉంటాయి.

విరాటపర్వం అలాంటి వాకిలి. ఊరు కొత్త, కొలువు కొత్త, పాండవుల పేర్లూ కొత్తవే. పాత కథ తెలియకపోయినా నష్టం లేదు. ఎవరికీ దొరక్కుండా ఒక ఏడాది గడపాలి అన్నదొక్కటే పందెం. మొదలు, నడుమ, ముగింపు ఉన్న పూర్తి కథ. వానలు ఎగ్గొట్టినప్పుడు పల్లెల్లో విరాటపర్వం చదివించే ఆచారం ఉండేది కాబట్టి, భారతం మొత్తం వినని రైతుకు కూడా ఈ ఒక్క పర్వం తెలిసి ఉండేది.

మీరు చదివేది ఏ వరస అయినా ముందు ఇలాంటి వాకిలి వెతకండి. అప్పటికే చదివినవాళ్లను "మొత్తంలో విడిగా చదవగలిగే భాగం ఏది?" అని అడగండి. అది నచ్చితే మొదటికి పోవచ్చు. నచ్చకపోతే వారంలోనే తెలిసిపోతుంది.

2. పేరు పక్కన పని రాసుకోండి

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ని చూసి నవ్వుతాం గానీ, ఆ తప్పు వాడిది మాత్రమే కాదు. ఉత్త పేర్లు ఎవరికీ గుర్తుండవు. చిన్నప్పుడు ఉరిమితే చాలు, అర్జునుడి పది పేర్లు గడగడా అప్పజెప్పేవాళ్లం. అర్థం మాత్రం ఒక్కదానికీ తెలిసేది కాదు.

ఆ పది పేర్లకూ కారణాలు విరాటపర్వంలోనే ఉన్నాయి. కౌరవసేనను చూసి హడలిపోయిన ఉత్తరకుమారుడు, తన రథం మీదున్న బృహన్నల నిజంగా అర్జునుడేనా అని అనుమానపడతాడు. అర్జునుడివని చెప్పే పది పేర్లకు కారణాలు చెబితే నమ్ముతానంటాడు. రాజ్యాలు జయించి ధనం తెచ్చాడు కాబట్టి ధనంజయుడు, రెండు చేతులా విల్లు లాగగలడు కాబట్టి సవ్యసాచి, తెల్ల గుర్రాల రథం కాబట్టి శ్వేతవాహనుడు. ఒక్కో పేరు వెనక ఒక్కో పని. ఉత్తరుడికి అప్పుడుగానీ గురి కుదరలేదు.

మీరూ అదే పద్ధతి పెట్టుకోండి. పుస్తకం వెనక పెద్ద వంశవృక్షం గీసుకుంటూ కూర్చోవద్దు. నోటు పుస్తకంలో ఒక్కో మనిషికి మూడు గళ్లు చాలు: ఏం కావాలి, దేనికి భయం, ఇప్పటిదాకా ఏం చేశాడు. విరాటుడి కొలువుకు ఇలా వస్తుంది.

కంకుభట్టు (ధర్మరాజు): గడువు పూర్తికావాలి, బయటపడతామని భయం, రాజుతో జూదమాడుతున్నాడు.

వలలుడు (భీముడు): అవమానానికి బదులు తీర్చుకోవాలి; తన కోపమే తనకు భయం; వంటశాలలో ఉన్నాడు.

సైరంధ్రి (ద్రౌపది): మానం దక్కాలి; కీచకుడంటే భయం; రాణి సుధేష్ణకు సింగారించే పనిలో ఉంది.

మిగతా ముగ్గురికి మీరే గళ్లు నింపుకోండి. బృహన్నల ఆటపాటలు నేర్పుతున్నాడు, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. పది అధ్యాయాల వరకూ ఒక్క గడి కూడా నిండని మనిషి ఉంటే, అతన్ని మర్చిపోయినా ఏమీ కాదు. అవసరమైతే కథే మళ్లీ తీసుకొస్తుంది.

3. ఒక్క దృశ్యం దగ్గర ఆగండి

పెద్ద కథల్లో కొన్ని పేజీలు పరిగెత్తాలి, కొన్ని పేజీల దగ్గర కూర్చోవాలి. కూర్చోవలసిన చోటు ఎలా తెలుస్తుంది? అక్కడ ఉన్నవాళ్లందరికీ ఒకేసారి ప్రమాదం వస్తుంది. ఎవరి నోటినుంచీ మనసులో మాట బయటికి రాదు.

కీచకుడు తరుముతుంటే సైరంధ్రి పరుగున విరాటుడి సభలోకి వస్తుంది. నిండు సభలో వాడు ఆమెను తంతాడు. వలలుడు అక్కడే ఉన్నాడు. కోపంతో ఎదురుగా ఉన్న చెట్టు వంక చూస్తాడు, పెరికి చేతికి తీసుకోవడమే తరువాయి. పక్కన ఉన్న కంకుభట్టు, వంటవాడితో మాట్లాడుతున్నట్టే, పొయ్యిలో కట్టెలు కావాలంటే నీడనిచ్చే ఈ చెట్టెందుకు, బయట ఇంకా చెట్లున్నాయి కదా అన్నట్టు మాట్లాడతాడు. సభకు అది వంటచెరకు ముచ్చట, తమ్ముడికి మాత్రం 'ఇది సమయం కాదు' అన్న హెచ్చరిక. తరువాత ఆమెవైపు తిరిగి, ఆటకత్తెలాగా సభలో నిలబడటం తగదు, లోపలికి పొమ్మంటాడు. ఆమె ఊరుకోదు. నా మొగుడు నటుడే, జూదరి కూడా, ఆయన తీరే నాకూ వచ్చిందన్నట్టు బదులిచ్చి వెళ్లిపోతుంది. సభ ముందు మొగుడి పేరు చెప్పకుండానే మొగుణ్ని నిలదీసింది.

ఇక్కడ ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ క్షణాన ఎవరికి ఏం తెలుసు? నోరు విప్పితే ఎవరికి ఏం పోతుంది? నేనే ఆ చోట ఉంటే ఏం చేసేవాణ్ని? బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి, ఒక ఏడాది అజ్ఞాతం. గడువు ముగియడానికి రోజులే మిగిలాయి. కీచకుడు చచ్చాక సుధేష్ణ ఊరు విడిచిపొమ్మంటే, సైరంధ్రి ఇంకో పదమూడు రోజులు ఓర్చుకోమని అడుగుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లకు ధర్మరాజు మౌనం ఒక రకంగా కనబడుతుంది, తెలియనివాళ్లకు ఇంకో రకంగా.

రచ్చబండ దగ్గర ఈ ఘట్టం ఎత్తండి, మాట పెరగడానికి అరగంట పట్టదు. "ఏం బావా, ఆడమనిషిని తంతుంటే కట్టెల ముచ్చట్లేంది? ధర్మరాజుకు పౌరుషం లేదా?" అని ఒకరంటారు. "ఉండబట్టే ఆగినాడబ్బాయ్. నువ్వైతే ఆ పూటే అందర్నీ అడవికి పంపేవాడివి" అని ఇంకొకరు. ఇద్దరూ కథలో ఉన్నదే మాట్లాడుతున్నారు. మీరు ఎటువైపో తేల్చుకోండి. పక్కవాళ్లకు నచ్చేదేమిటో చూసి చెప్పొద్దు.

4. తేదీ వేసి అభిప్రాయం రాయండి

చాలామంది మొత్తం చదివాకే అభిప్రాయం చెప్పాలనుకుంటారు. మొత్తం చదివేసరికి మొదట్లో ఏమనుకున్నారో మర్చిపోతారు. ఆ మొదటి మాటే విలువైనది.

కర్ణుణ్ని తీసుకోండి. ఆదిపర్వంలో కురుకుమారుల విద్యాప్రదర్శనకు వచ్చి, కులమేదని అడిగితే తలవంచుకున్న కుర్రవాడు. అక్కడ అందరికీ జాలి కలుగుతుంది. సభాపర్వంలో ద్రౌపది గురించి అతను అన్న మాటలు వింటే ఆ జాలి ఎగిరిపోతుంది. అరణ్యపర్వంలో మోసమని తెలిసీ ఇంద్రుడికి కవచకుండలాలు కోసి ఇస్తాడు. ఉద్యోగపర్వంలో పుట్టుక రహస్యం చెప్పి కృష్ణుడు రమ్మంటే, నమ్మిన దుర్యోధనుణ్ని వదలనంటాడు. కుంతికి మాత్రం అర్జునుడు తప్ప మిగిలిన నలుగురినీ చంపనని మాటిస్తాడు. ఇందులో ఏ కర్ణుడు అసలు కర్ణుడు? ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లు ఏదో ఒక పర్వం చదవనట్టే.

ప్రతి భాగం ముగియగానే రెండు వాక్యాలు రాయండి: "ఇప్పటికి నాకు ఇతను ఇలా కనబడుతున్నాడు. కారణం ఇది." కింద తేదీ వెయ్యండి. మాట మారితే పాతది కొట్టేయకుండా కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చండి. ఏ సంగతి మీ మాట మార్చిందో అక్కడ తేలిపోతుంది. అది కొత్త సాక్ష్యమా, మీ మూడ్ మాత్రమేనా? కొత్తగా చేరిన కోడలి మీదో, ఆఫీసుకు వచ్చిన కొత్త అధికారి మీదో మొదటి వారంలో వేసిన ముద్ర ఏళ్లయినా చెరగకపోవడానికి కారణం, ఆ ముద్ర ఎందుకు వేశామో ఎక్కడా రాసుకోకపోవడమే.

5. నలుగురి మధ్య పెట్టండి

తిక్కన ఆశువుగా చెబుతూ ఉంటే కుమ్మరి గురునాథుడు గంటం ఆపకుండా రాసేవాడని ఒక కథ. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ కథలో కవి పక్కనే వినేవాడు ఒకడున్నాడు. మన దేశంలో భారతం ఎప్పుడూ ఒంటరి చదువు కాదు. పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే ఇంకొకరు అర్థం చెప్పేవారు, చుట్టూ కూర్చున్నవాళ్లు అడ్డుప్రశ్నలు వేసేవారు.

దక్షిణాన చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారత ఉత్సవాలు చూడండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు నిలువెత్తు మాను ఎక్కి పైనుంచి ప్రసాదాలు విసురుతాడు. చివర్లో మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు పడతాడు, నిప్పుల గుండం తొక్కుతారు. చదువు రానివాళ్లు కూడా రోజుల తరబడి భీముడు చేసింది న్యాయమా కాదా అని వాదించుకుంటూనే ఉంటారు. తరువాతి కాలంలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ 'ధర్మసందేహాలు' చెప్పారు. వినేవాళ్లు ఉత్తరాలు రాసి అడిగేవారు, ఆయన రేడియోలో బదులిచ్చేవారు. సందేహం రాయాలంటే ముందు దాన్ని తెలుగులో సరిగ్గా పెట్టుకోవాలి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మీరు ముగ్గురు నలుగుర్ని జమచేసుకోండి. రెండు షరతులు పెట్టుకోండి. ఒకటి, "నాకు నచ్చింది", "బోరు" అన్న మాటలతో ఎవరూ ఆగకూడదు, ఏ సన్నివేశం వల్లో చెప్పాలి. రెండు, గొప్ప పుస్తకమని అందరూ అన్నారు కాబట్టి గొప్పదే అనకూడదు. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వవిచారము'లో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని చదివిన తీరు ఇందుకు మంచి నమూనా. చిక్కుముడి మీద చిక్కుముడి వేసిన ఆ అద్భుత కథలో మెచ్చవలసింది మెచ్చి, నచ్చనిది నచ్చలేదని మొహమాటం లేకుండా రాశారు. పండితులకు కోపాలు వచ్చాయి. తెలుగు విమర్శకు మాత్రం మేలే జరిగింది.

6. అవతలి పక్షం కథ కూడా వినండి

విరాటపర్వంలో ఆవుల మందలు తరలించుకుపోవడం రాజుల మధ్య యుద్ధం. అదే గొడవ పశువుల కాపర్ల నోట వినాలంటే నెల్లూరు సీమలోనే ఇంకో పెద్ద కథల వరస ఉంది, కాటమరాజు కథలు. కరువొచ్చి కాటమరాజు మందల్ని నెల్లూరు బీళ్లకు తోలుకొస్తాడు. మేపుకున్నందుకు పుల్లరి ఇచ్చేలా నల్లసిద్ధిరాజుతో ఒప్పందం. ఆ ఒప్పందం చెడుతుంది, ఎర్రగడ్డపాటి దగ్గర పోరు జరుగుతుంది. కొమ్మువాళ్లు తరతరాలుగా పాడుతూ వచ్చిన ఈ కథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి అచ్చుకు తెచ్చారు.

ఇందులో రాజు తరఫున కత్తి పట్టినవాడు ఖడ్గతిక్కన, కవి తిక్కనకు దాయాది అని చెబుతారు. ఓడి ఇంటికొస్తే భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి, నీళ్ల దగ్గర పసుపుముద్ద ఉంచిందట. ఇంట్లో ఇక ముగ్గురం ఆడవాళ్లమే కదా అని ఎత్తిపొడుపు. తల్లి విరిగిన పాలు వడ్డించిందట. అతను మళ్లీ పోరుకు వెళ్లి ప్రాణం ఇచ్చాడు. ఇది చదివి ఆ ఇంటివాళ్ల పౌరుషానికి దండం పెట్టేవాళ్లు ఉన్నారు, ఒక మనిషిని మాటలతో చావుకు పంపారని బాధపడేవాళ్లూ ఉన్నారు. కంకుభట్టు ఓర్పును మెచ్చుకున్న మీరు ఇక్కడ ఏమంటారు? రెండు చోట్లా ఒకే కొలబద్ద వాడుతున్నారా? జవాబు రాయండి.

7. ఆగడానికి, దాటడానికి సిగ్గుపడొద్దు

కథ పూర్తి కాలేదని కొందరు అసలు మొదలే పెట్టరు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఫాంటసీ వరసలో ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం జనం విసుక్కుంటూనే ఉన్నారు. మన భారతానికైతే పట్టింది శతాబ్దాలు. 11వ శతాబ్దంలో నన్నయ వదిలిన అరణ్యపర్వం ఖాళీ, తిక్కన పదిహేను పర్వాలు పూర్తిచేశాక కూడా అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించి, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఎర్రనది గుడ్లూరని చెబుతారు. 2022లో ఆ ఊరు నెల్లూరు జిల్లాలో చేరింది, రామాయపట్నం ఓడరేవు ఉన్న మండలం అదే. మధ్యలో ఖాళీ ఉందని ఈ తీరంవాళ్లు కథ వినడం మానలేదు.

శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం మొదటిసారి బరువనిపిస్తే దాటేసి స్త్రీపర్వం నుంచి అశ్వమేధపర్వానికి వెళ్లండి. పాపం రాదు. రాజధర్మాలు, మోక్షధర్మాలు మీకు అవసరమైన వయసులో మళ్లీ తెరుచుకోవచ్చు.

ఈ తొమ్మిది వారాలకు పని

తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం వైపు పడవలు ఒడ్డున ఉంటాయి. తిక్కన విరాటపర్వం 5 ఆశ్వాసాలు, ఉద్యోగపర్వం 4. వారానికో ఆశ్వాసం చొప్పున చదివితే రెండు పర్వాలూ ఆ గడువులో దాదాపు సరిపోతాయి. వేటకు పోనివాళ్లు వేసవి సెలవులు అనుకోండి.

పద్యం కష్టమనిపిస్తే తిరుమల తిరుపతి దేవస్థానాలు వేసిన, ప్రతిపదార్థ తాత్పర్యాలున్న ప్రతి తీసుకోండి. అదీ బరువైతే పురిపండా అప్పలస్వామి వాడుకభాషలో రాసిన భారతం ఉంది. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు ఫోన్‌లో ప్రవచనం పెట్టుకుని వినొచ్చు. విన్నవాళ్లకూ నోటు పుస్తకం తప్పదు.

వారంలో ఐదు రోజులు చదవడం, ఆరో రోజు గళ్లు నింపడం, ఏడో రోజు తోటివాళ్లతో వాదన. ప్రతి ఆశ్వాసంలో ఆగిన దృశ్యం ఒక్కటి గుర్తుపెట్టండి. మొదటి వారం కంకుభట్టు గురించి, ఆరో వారం, అంటే ఉద్యోగపర్వం మొదలయ్యేటప్పుడు, కర్ణుడి గురించి రెండేసి వాక్యాలు తేదీతో తప్పకుండా రాయండి.

తొమ్మిదో వారం చివర ఆ పేజీలు తీసి చూడండి. ఒక్క మనిషి మీదైనా మీ మాట మారి ఉంటే, మార్చిన సంఘటన ఏదో పక్కన రాయండి. ఎవరి మీదా మారకపోతే, మీ మనసుకు అడ్డొచ్చిన విషయాన్ని ఎక్కడ దాటేశారో వెనక్కి వెళ్లి వెతకండి. ఆ పని అయ్యాకే భీష్మపర్వం తెరవండి.